చెరిపేసిన మూడు బన్నులు

మా చెల్లెలు మినెకోకి మీరు అబద్ధం చెప్పారు. ఊరి ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న అందరినీ అంటున్నా. ముందు మిమ్మల్నే, హోరియుచి గారూ. పోషకాహారం చదివినవారు మీరే కదా. మీరు పంపిన ఫలితాల కాగితంలో కొవ్వు ఎదురుగా నీలం దీపం వేశారు, పచ్చగా ఉన్నా మనం నీలమనే పిలిచే, వీధిలో వెళ్ళమని చెప్పే దీపం. ట్రాన్స్ ఫ్యాట్ దగ్గర "బెంగ అక్కర్లేదు" అని రాశారు. వెళ్ళమన్నారుగా, వెళ్ళిపోయింది.

నాకు పెద్ద చదువు లేదు. చేపలు ఎండబెట్టే షెడ్డులో పని. నూనెని గట్టిపరిచి మార్గరిన్ చేసేటప్పుడు పుట్టే కొవ్వు అదని, బన్నుల్లోనూ క్రీముల్లోనూ ఉంటుందని, గుండెకి చెడ్డదని, లైబ్రరీలో వేలు పెట్టుకుని చదివి తెలుసుకున్నాను. చెల్లెలు పోయాక తెలుసుకున్నాను.

పోయిన వేసవిలో మీరు ప్రశ్నల కాగితాలు పంపారు. గత నెలలో ఏం తిన్నారు, వారానికి ఎన్నిసార్లు తిన్నారు అని పేజీలకి పేజీలు. మా వీధికి తిండి వాలంటీర్ని నేనే. పంచడం, ఖాళీలు లేకుండా చూడటం నా పని. కవర్లేవని ఫోన్ చేస్తే మీ ఆఫీసులో ఏమన్నారు? "కవర్లు రాలేదండీ, ఇంటింటికీ తిప్పే అట్టలో పెట్టేయండి." చెత్త ఎత్తే రోజులూ, బడి పండగలూ రాసి ఉండే అట్ట అది. ఒకరు చదివి, సంతకానికి బదులు తమ పేరు ముద్ర వేసి పక్కింటికి ఇస్తారు. అందులో మా పొట్టల గుట్టంతా పెట్టి తిప్పమన్నారు. నేను తిప్పాను.

పక్కింటి ఎబిహారా గారు మా గుమ్మంలోనే నిలబడి అందరివీ చదివేసింది.

"చూశారా కికుయో గారూ, ఇషిగురో ఆయన వారానికి ఒక్కసారే తాగుతాడట. మిగతా ఆరు రోజులూ ఆ పాటలు ఎవరు పాడుతున్నారో మరి."

ఆవిడ కాగితం చూశాను. సముద్రపు పాచి రోజూ, వేపుళ్ళు నెలకి ఒకసారి.

"మీ ఇంట్లోంచి రోజూ వేపుడు వాసన వస్తుంది కదండీ."

"అది మా ఆయన తినేది. కాగితం నాది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నా నోట్లో నేనే బూడిద కొట్టుకోవాలనిపిస్తుంది.

మినెకోది బన్నుల ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టే పని. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే. నలిగినవీ, క్రీము కారినవీ పారేయాలని అక్కడి రూలు. షిఫ్టు చూసే కురోకవా గారు పారేసే ముందు ఓ సంచీ తీసి దాని సైకిల్ బుట్టలో పెట్టేవాడు. మినెకో ఒంటరి మనిషి, వండుకోడానికి ఓపిక లేనిది. విరామంలో నిలబడి ఒకటి, ఇంటికొచ్చి అన్నానికి బదులు రెండు. నా చెల్లెలు ఒక్కతే ఆ వీధిలో ఏదీ దాచకుండా నిజం రాసింది. తీపి బన్నుల గడిలో "రోజుకు రెండు, అంతకు పైన" అన్నచోట గీత పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో "మూడు" అని రాసింది.

"ఇదేంటే, మూడేంటి?"

"మూడే కదక్కా. తప్పు లెక్క రాయమంటావా?"

"ఈ అట్ట మళ్ళీ ఎబిహారా వాళ్ళింటి మీదుగానే వెళ్తుంది. వాళ్ళబ్బాయి మీ ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఉన్నాడు. పారేసే బన్నులు దీనికెవరిచ్చారని అడిగితే?"

అది పెన్సిల్ కింద పెట్టింది.

"కురోకవా గారికి మాటొస్తుంది. పాపం, పిల్లలు గలవాడు."

"అందుకే అంటున్నా."

"అయితే నువ్వే చెరుపు. నాకు చేతులు రావు."

నేనే చెరిపాను. "వారానికి ఒకటి కంటే తక్కువ" అన్న గడిలో గీత పెట్టాను. రబ్బరు పొట్టుని మినెకో ఉఫ్ మని ఊది, "అదిగో, నా మూడు బన్నులూ ఎగిరిపోయాయి" అంది.

ఆకులు రాలే రోజుల్లో మీ ఫలితాలొచ్చాయి. దానికి అన్నీ నీలం దీపాలు. ఊరగాయల సంగతి నిజం రాసినందుకు నాకు ఉప్పు దగ్గర ఎర్ర దీపం. అది తన కాగితాన్ని ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించుకుంది.

"చూసుకో అక్కా. నువ్వు వాలంటీరువి, ఆరోగ్యం నాది."

ఫిబ్రవరిలో ఎడమ భుజం లాగుతోందంది. మెట్లెక్కితే ఆయాసమంది. ఆసుపత్రికి పద అన్నాను.

"ట్రేలు ఎత్తీ ఎత్తీ పట్టేసింది, అంతే. గుండె అయితే ఆ కాగితం చెప్పేది కదా."

ఆ కాగితం అబద్ధమే, నేను చెరిపాను కదే అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. "సరే, వేడినీళ్ళ తొట్టిలో కాసేపు కూర్చో" అన్నాను. మూడోనాడు ఫ్యాక్టరీ సైకిళ్ళ దగ్గర పడిపోయింది. నేను వెళ్ళేసరికి చెయ్యి చల్లబడింది. బుట్టలో బన్నుల సంచీ అలాగే ఉంది.

ఆఖరి చూపుకి కురోకవా గారొచ్చాడు. వంచిన తల ఎత్తలేదు. పటం ముందు ఒక క్రీము బన్ను పెట్టాడు. ఎక్కడా నలగనిది. పంతొమ్మిదేళ్ళలో దానికి దక్కిన మొదటి మంచి బన్ను అదే.

"నా సంగతి ఇక దాచకండి. ఆఫీసులో నేనే చెప్పేశాను" అన్నాడు.

బన్నే చంపిందని నేననను. డాక్టరూ అనలేదు. మా నాన్నదీ గుండె జబ్బే. కానీ ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వనిది ఆ నీలం దీపం. దానికి నూనె పోసింది నేను.

ఏప్రిల్‌లో మీటింగ్ పెట్టి, గోడ మీద బొమ్మలు చూపించి, మన ఊరి ట్రాన్స్ ఫ్యాట్ సగటు చాలా తక్కువ అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, మా చెల్లెలి కాగితం సరిచేయండి అని అడిగాను.

"క్షమించాలి కికుయో గారూ, లెక్క మూసేశాం. ఒక్కరి వల్ల సగటు మారదు" అన్నారు మీరు. మెత్తగానే అన్నారు.

"ఎంతమంది చెరిపారో అడగండి ముందు" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎబిహారా గారు ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. బయట చెప్పులు వేసుకుంటూ మాత్రం, నా మొహం చూడకుండా, "నావి వారానికి నాలుగు వేపుళ్ళు" అంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నా, రాసుకోండి. ఆ నాలుగు వందల కాగితాలూ అవతల పెట్టండి. మళ్ళీ అడగండి, ఈసారి అట్టలో తిప్పకుండా, అంటించిన కవర్లో. కొన్నదైనా, ఊరికే వచ్చినదైనా, నోట్లోకి ఏం వెళ్ళిందని అడగండి. ఎవరిచ్చారని అడగొద్దు. ఫ్యాక్టరీ బన్నులకి విడిగా ఒక గడి పెట్టండి. పొట్లం మీద ట్రాన్స్ ఫ్యాట్ ఎంతో అచ్చు వేసి తీరాలని మీ పైవాళ్ళకి రాయండి. మినెకో కాగితం నా చేతికివ్వండి. పెన్నుతో మూడు అని రాస్తాను. చెరిపింది నేనని కింద నా పేరు రాసి ముద్ర వేస్తాను. అప్పుడు చెప్పండి మీ సగటు.