అద్దం ముందు పరీక్ష

కుడి పెదవి చివర కొంచెం కిందికి జారినట్టుందా, లేక ఈ అద్దమే వంకరా, స్టాఫ్ రూమ్ పక్క బాత్రూములో అద్దం ఎప్పుడు సరిగ్గా ఏడ్చింది గనక, మళ్లీ నవ్వాలి, పళ్లు కనిపించేలా, ముందు నవ్వించండి, తర్వాత రెండు చేతులూ ఎత్తించండి, తర్వాత ఒక వాక్యం చెప్పించండి అని డాక్టరుగారు నేర్పింది మా ఆయన కోసం, పక్షవాతం మళ్లీ వస్తే వెంటనే గుర్తుపట్టడానికి, ఇలా నా మొహానికే ఈ పరీక్ష పెట్టుకుంటానని అప్పుడు అనుకోలేదు, ఇందాక తరగతిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయింది, వంగి తీద్దామంటే వేళ్లు నావి కానట్టు తిమ్మిరి, ముందు బెంచీలో అమ్మాయి తర్వాతేంటి టీచర్ అంది, తర్వాతేంటో నాకు తోచలేదు, ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం, నోట్లోంచి మాట రాలేదు, ఆ రోజు ఆయన చేతిలోంచి గ్లాసు కూడా ఇలాగే జారింది, మొద్దబ్బాయి అని నేను నవ్వాను కూడా.

ఇప్పుడు నేనూ పడిపోతే ఆయన్ని కుర్చీలోంచి ఎవరు లేపుతారు, పక్కింటి పిన్నిగారు బడి వదిలేదాకా కూర్చుంటారు అంతే, లేపడం ఆవిడ వల్ల కాదు, నా మెడ చుట్టూ చేతులు వేయించుకుని, కుడి భుజం ఆనించి, ఒక్క ఊపులో లేపాలి, అలా లేపడం నాకే నేర్పి పంపించారు పునరావాస కేంద్రం వాళ్లు, ఇక వ్యాయామాలు ఇంట్లోనే చేయించండమ్మా, మీరున్నారుగా అన్నారు, మీరున్నారుగా, అందరిదీ అదే మాట, ఆడపడుచు ఫోన్లో, వదినా, అన్నయ్యచేత బంతి పిసికిస్తున్నావా, మానకు, నువ్వున్నావన్న ధైర్యంతోనే మేం నిద్రపోతున్నాం అంటుంది, బంతి పిసికి చూపించి చూపించి నేనే పహిల్వానునయ్యానమ్మా అందామనుకుని అనలేదు, నిన్న సాయంత్రం ఆయన చొక్కా గుండీ వేళ్లకి చిక్కక గిన్నె విసిరేశారు, ఆ తర్వాత ఏడ్చారు, కిక్కిరిసిన బస్సుని సందుల్లో ఒంటిచేత్తో తిప్పిన మనిషి, నేను గిన్నె తీస్తూ ఆయన మీద బెంగ పెట్టుకున్నాను, మనిషి ఎదురుగానే ఉన్నాడు, ఎదురుగా ఉన్నవాళ్ల మీద పెట్టుకునే బెంగని ఏమంటారో, పిల్లలకి ఇన్ని మాటలు నేర్పినదాన్ని, నాకే తెలీదు.

తలుపు తోసుకుని డ్రాయింగు టీచరు వచ్చింది, ఏంటక్కా చేతులు రెండూ పైకెత్తావు, పోలీసులొచ్చారా అంది, నేను దించలేదు, ఇందాక తరగతిలో వేళ్లు తిమ్మిరెక్కాయి, మాట రాలేదు, నువ్వు బొమ్మలు వేసేదానివి, నా మొహం చూసి చెప్పవే, నవ్వుతాను, రెండు వైపులా ఒకేలా ఉందా అన్నాను, నవ్వాను, తను తల వంచి, ఒక కన్ను మూసి, బొమ్మని చూసినట్టే చూసింది, ఒకేలానే ఉందక్కా, నవ్వు ఏ వైపూ లేదు అంది, అని వెంటనే నాలుక కరుచుకుంది, నా చెయ్యి పట్టుకుని భుజం మీద నొక్కింది, అబ్బా అన్నాను, నొప్పి వేళ్ల దాకా పాకింది, ఇక్కణ్ణుంచే తిమ్మిరి వస్తున్నట్టుందక్కా, బావగారిని ఎత్తీ ఎత్తీ భుజం పట్టేసినట్టుంది, అయినా మాట రాలేదన్నావు కాబట్టి డాక్టరుకి చూపించాల్సిందే, ఇప్పుడే, పద, అసలు నిద్రపోయి ఎన్నాళ్లయింది నీకు అంది, ఆ పాఠంలో వాక్యం గబగబా పైకి చెప్పాను, మాటలన్నీ తడబడకుండా వచ్చాయి, చూశావా ఏం కాలేదు అంది, అయినా పద అని నా సంచీ తనే భుజాన వేసుకుంది.

ఏం కాలేదు, గుండె తేలికపడాలి కదా, పడలేదు, ఉసూరుమంది, ఎవరో ఇస్తానన్నది వెనక్కి లాక్కున్నట్టు, ఎందుకిలా, మెట్లు దిగుతూ అదే వెతుక్కుంటున్నాను, సుద్దముక్క జారినప్పుడు ముందు వచ్చింది భయం కాదు, భయం తర్వాత వచ్చింది, అంతకన్నా ముందు, రెప్పపాటు సేపు, హమ్మయ్య అనిపించింది, ఆస్పత్రి మంచం, తెల్లటి దుప్పటి కళ్ల ముందు కనిపించింది, నా చెయ్యి ఇంకెవరో ఎత్తుతారు, మాత్రలు ఇంకెవరో అందిస్తారు, ఎవరు పిలిచినా నేను పలకక్కర్లేదు, ఆ హాయిని చూసి కదూ నేను భయపడింది, జబ్బు కోసం ఎదురుచూస్తున్నాను, సెలవు కోసం చూసినట్టు, ఆడపడుచుని ఒక్క ఆదివారం వచ్చి ఉండమని అడిగానా, లేదు, అడిగితే రానందా, అదీ లేదు, డ్రాయింగు టీచరు జాగ్రత్తక్కా, మెట్టు అంటోంది, పడిపోతే తప్ప పడుకోకూడదని నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.