పెండ్లి వస్త్రం లేని మనిషి

మా ఆయన దేవదానాన్ని పాతిపెట్టి వచ్చిన కాణ్ణించీ నాకు మాట పెగల్లేదు. ఏడుపూ రాలేదు. నన్ను మాట్లాడించడం తేలిక, ఆపడమే కష్టమని ఫిల్మ్‌నగర్ బస్తీలో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని.

పక్కింటి మనోజా నేనూ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టులుగా ఏళ్లుగా కలిసే వెళ్తున్నాం. "పిన్నీ, ఎంతసేపు చూసినా గోడేం మాట్లాడదు. జూబ్లీహిల్స్ బంగళాలో పెళ్లి సీనంట. భోజనాల బంతిలో కూర్చోవడమే, లే" అని లాక్కెళ్లింది.

నేను తెల్లచీర మీదే ఉన్నాను. నాకున్న తెల్లచీర అదొక్కటే, నా పెళ్లిచీర. మా చర్చిలో పెళ్లికూతురు కట్టేది తెలుపే. సమాధి దగ్గరికీ అదే కట్టాను. తర్వాత కూడా ఉతికి మళ్లీ అదే.

ఆకులు వేశారు, అన్నం వడ్డించారు. అసిస్టెంటు డైరెక్టరు రఘునందన్ నన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? పెళ్లి ఫ్రేములో తెల్లచీరేంటి? పట్టుచీరలని మీ ఏజెంటు చెప్పలేదా?"

ఇది పెళ్లిచీరేనయ్యా, అనొచ్చు. అనలేదు.

"సార్, వాళ్లాయన..." అని మనోజ నోరు తెరిచింది.

"నువ్వు కదలకు అక్కా, ఫ్రేము చెడుతుంది."

నన్ను లేపి, ఇంటికి పొమ్మన్నారు. ఇల్లంటే ఆయన మంచం ఉన్న గది. జనరేటరు బండి దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాను.

ప్రభువు చెప్పిన రాజుగారి పెండ్లివిందు గుర్తొచ్చింది. పిలిచినవాళ్లు రాకపోతే దారిన పోయేవాళ్లని తెప్పించి కూర్చోబెడతాడు రాజు. అందులో ఒకడు పెండ్లి వస్త్రం లేకుండా వచ్చాడు. ఎలా వచ్చావని అడిగితే వాడు నోరెత్తడు. రాజు వాణ్ణి బయటి చీకట్లోకి తోయిస్తాడు. నాకు చదువు రాదుగానీ విని విని నోటికొచ్చింది. గుమ్మంలో బట్ట ఇస్తే తీసుకోని పొగరుబోతని మా పాస్టరుగారు చెప్పేవారు. నేనూ తలూపేదాన్ని.

వాడింట్లో ఎవరు పోయారో ఏమో. ఎలా వచ్చావని అడిగారుగానీ, ఏమైందని అడగలేదు కదా.

షేక్‌పేట జంగయ్య మా షూటింగుల్లో బట్టలు చూసే మనిషి. ఆకుపచ్చ పట్టుచీర చంకన పెట్టుకొచ్చాడు.

"గిది కట్టుకో అవ్వా, జల్ది."

చెయ్యి చాపలేదు నేను.

"ఏందవ్వా, దినాం నా చెవులు తింటవ్, ఇయ్యాల మూగనోము పట్టినవా? ఏమైంది?"

"మా ఆయన పోయాడు జంగయ్యా."

పాతిపెట్టాక ఆ మాట నా నోట రావడం అదే మొదలు. ఎవరో అన్నట్టుంది.

జంగయ్య పట్టుచీర మడత విప్పాడు. "గా తెల్లచీర ఇప్పకు. గిది పైనుంచి సుట్టుకో. కెమెరాకు పైదే కనవడ్తది."

చుట్టుకుని మళ్లీ బంతి దగ్గరికి వెళ్లాను. రఘునందన్ చూసి కూర్చోమని చెయ్యూపాడు, మనోజ పక్కకి జరిగింది. యాక్షన్ అన్నారు. అన్నం చల్లారిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను, ఉప్పుందో లేదో తెలియలేదు. కట్ అన్నాక కూడా నమిలి మింగాను.

ఇంకోసారి అన్నారు. ఇంకో ముద్ద కలిపాను.