పానకాలరావుగారి తెల్లచొక్కా

నేను ఒక చొక్కాను. తెల్లచొక్కాను. తెలుపంటే ఏదో పాతపడిన తెలుపు కాదు, ఎండలో నా వంక చూసినవాళ్లు కళ్లు చికిలించుకోవలసిందే. ఈ మాట ముందే చెప్పుకోవలసి వస్తోంది, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ నమ్మరు. నా ఎడమ భుజం నుంచి జేబు కిందదాకా గోధుమరంగు మరక ఒకటి పాకి ఉంది. అది టీ మరకా కాదు, కూర మరకా కాదు. దాని సంగతి చెప్పడానికే నోరు తెరిచాను.

నేను పుట్టింది గుంటూరులో ఒక ఇరుకు దర్జీ కొట్లో. ఆ దర్జీ దారం తెంపడానికి కత్తెర వాడేవాడు కాదు, పళ్లతో కొరికేవాడు. కాబట్టి ఈ లోకంలో నాకు తగిలిన మొదటి స్పర్శ పంటిగాటు. నన్ను కుట్టించుకున్న పానకాలరావుగారు నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. కొలతలు తీసుకునేటప్పుడు ఆయన పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డారు. ఆ తర్వాత జీవితంలో ఎప్పుడూ అలా నిలబడలేదు. అందువల్ల నా నాలుగో గుండీ పడిన అవస్థ ఇంతా అంతా కాదు. మనుషులు కొలతలిచ్చేది తాము ఉన్నట్టు కాదు, ఉండాలనుకున్నట్టు. ఈ సంగతి చొక్కాలన్నిటికీ తెలుసు.

పెళ్లిళ్లకూ, పై అధికారులు వచ్చే రోజులకూ నన్నే తొడుక్కునేవారు. తొడుక్కుని విప్పిన ప్రతిసారీ నేను వీధి మలుపులో ఉన్న ఏడుకొండలు బండికి వెళ్లేదాన్ని. రేకు కప్పు, నాలుగు చక్రాలు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, అంతే ఆ బండి. అతని భార్య నాంచారమ్మ బట్టలు ఉతికి, బొగ్గులు రాజేసి, నీళ్లు చిలకరించి, మడతలు పెట్టేది. ఏడుకొండలు ఇస్త్రీ చేసి, మూట కట్టి, సైకిలు మీద ఇంటింటికీ చేరవేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఆ రేకు కింద ఇద్దరే, ఎదురుబదురుగా కూడా కాదు, పక్కపక్కన.

వేరే వాళ్లయితే కాలరు వెనక సిరాతో గుర్తులు పెడతారు. ఏడుకొండలు పెట్టడు. ఎన్ని ఇళ్ల బట్టలు కలిసిపోయినా చేత్తో ఒకసారి నిమిరి ఎవరిదో చెప్పేస్తాడు. కాలరు మీద గుర్తు లేని చొక్కాగా బతకడం నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ పని అతనొక్కడికే వచ్చు. నాంచారమ్మకు రాదు. ఆమె మడత పెట్టేది, అతను పంచేవాడు. దాని గురించి వాళ్లెప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించవలసిన అవసరమూ రాలేదు.

ఆ రోజు పొద్దున మూటలో అన్నిటికంటే పైన నేనే ఉన్నాను. బండి నుంచి నిండా యాభై అడుగులు కూడా వెళ్లలేదు. ఎదురుగా వస్తున్న ఆటోకు కుక్క అడ్డం వచ్చింది. ఆటో ఒక్కసారిగా పక్కకు తిరిగింది. సైకిలు హ్యాండిలుకు తగిలింది. ఏడుకొండలు ఎగిరి కాలువ గట్టు సిమెంటు అంచు మీద పడ్డాడు. తల ముందు పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. దాన్ని దేనితోనూ పోల్చి చెప్పలేను.

నాంచారమ్మ బొగ్గులు విసిరే విసనకర్ర చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. కిందపడిన మూటలో చేతికి దొరికిన గుడ్డ లాగి అతని తలకు అదిమింది. ఆ గుడ్డను నేనే. మనిషిలో అంత నెత్తురు ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. వేడిగా ఉంటుందని కూడా తెలియదు. ఇస్త్రీపెట్టె వేడి నాకు అలవాటే, కానీ ఈ వేడికి నేను బిగుసుకుపోయాను. ఆమె "మావా, మావా" అంటూనే ఉంది. అతను పలకలేదు.

గుద్దిన ఆటోలోనే ఎక్కించారు. డ్రైవరు ఏడుస్తూ నడిపాడు. పెద్దాసుపత్రిలో అతని ఒంటిమీది చొక్కాను కత్తెరతో నిలువునా కోసి మూలకు విసిరారు. నన్ను కూడా విసిరేసేవాళ్లే. నాంచారమ్మ పిడికిలి విప్పలేదు కాబట్టి బతికిపోయాను.

డాక్టరమ్మ బయటికి వచ్చి నెమ్మదిగానే చెప్పింది. తల లోపల నెత్తురు గడ్డకట్టిందనీ, మెదడు వాచిందనీ, వెంటనే ఆపరేషను చేయాలనీ చెప్పింది. బతుకుతాడని గానీ, బతికినా మునుపటిలా ఉంటాడని గానీ ఇప్పుడే చెప్పలేమంది. అన్నీ విని నాంచారమ్మ అంది:

"పొద్దున ఉప్మా తిన్నాడండి."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఉప్మాకూ మెదడుకూ సంబంధం లేదని నాంచారమ్మకు తెలియక కాదు. పొద్దున ఉప్మా తిని, ఇంకొంచెం పెట్టమని అడిగిన మనిషి గురించి ఇలాంటి మాటలు చెబుతుంటే, ఆమెకు నోట ఇంకేమీ రాలేదు. నాకూ అలాగే ఉంది. పొద్దున నా కాలరు మీద వేలితో గీత సరిచేసిన మనిషి అతను.

ఆపరేషను అయింది. ప్రాణం నిలిచింది. లోపలి గదిలో గొట్టాల మధ్య అతనూ, బయట వరండాలో చాప మీద మేమూ. తలుపు తెరిచి "ఏడుకొండలు తాలూకు ఎవరమ్మా?" అని పిలిచినప్పుడల్లా నాంచారమ్మ లేచి నిలబడి "నేనే, నేనే" అనేది. మందు చీటీ కోసం పిలిచినా ఆమె ముఖంలో రక్తం ఉండేది కాదు. వరండాలో అందరూ అంతే, పేరు వినపడితే చాలు, తమది కాకపోయినా లేచి నిలబడతారు.

నన్ను ఆమె ఆస్పత్రి కుళాయి కింద ఉతికింది. పసుపైనా, మామిడి జీడైనా, సిరా అయినా, ఆమె వదిలించలేని మరక మా వీధిలో పుట్టలేదు. నెత్తురు మరకైతే ఆరకముందే చన్నీళ్లలో ముంచాలి. ఆ సంగతి ఆమెకంటే ఎవరికి తెలుసు. కానీ ఆరకముందు నేను ఆమె పిడికిట్లో ఉన్నాను. ఆమె కాసేపు రుద్ది, ఆగిపోయి, అలాగే పిండి ఆరేసింది.

తర్వాత అతన్ని వార్డులోకి మార్చారు. కళ్లు మూసే ఉన్నాడు. ముక్కులోని గొట్టంలో నాంచారమ్మ గంజి పోసేది, పక్కలు మార్చేది, కాళ్లు చేతులు పట్టేది. పక్క దుప్పటి మీద చిన్న ముడత కనబడినా ఊరుకునేది కాదు, ఒళ్లు ఒరుసుకుని పుండ్లు పడతాయని సిస్టరు చెప్పింది మరి. ఆ వార్డు మొత్తంలో ముడత లేని పక్క ఏడుకొండలుదే. మంచం పక్క కిటికీ ఊచకు నన్ను తగిలించింది.

మాట్లాడుతూ ఉండమని డాక్టరమ్మ చెప్పింది, వినపడుతుందో లేదో తెలియదు గానీ మాట్లాడమంది. కబుర్లు చెప్పే అలవాటు ఆమెకు లేదు. అందుకని బట్టల సంగతులే చెప్పింది. "మావా, రోడ్డు మీద పడ్డ మూట మళ్లీ ఉతికి నేనే పంచాను. ఎవరియ్యి ఎవరికి ఇచ్చానో ఆ దేవుడికే తెలవాలి. లాయరుగారింట్లో అరవై ఏళ్లాయనకి కాలేజీ పిల్లోడి బొమ్మల చొక్కా పోయింది. ఆయన తొడుక్కుని కోర్టుకి పోబోయాడంట. ఎవరూ నన్ను ఏమీ అనలా. వాళ్లల్లో వాళ్లే మార్చుకున్నారు. నువ్వు లేస్తే గానీ ఇది తెగదు." చెబుతూ అతని వేలు పట్టుకునేది. వేలు కదలలేదు.

పానకాలరావుగారు చూడ్డానికి వచ్చారు. బత్తాయిలు తెచ్చారు. మంచి మనిషే, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. కానీ ఆ కళ్లే కిటికీ దగ్గరకొచ్చి నా మీద ఆగాయి. "చొక్కా సంగతి మర్చిపో నాంచారమ్మా," అన్నారు. కూర్చున్న కాసేపట్లో ఆ మాటే మళ్లీ రెండుసార్లు అన్నారు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "చొక్కాదేముంది," అన్నారు. మనుషులు మర్చిపొమ్మని చెప్పేవన్నీ ఇలాగే బాగా గుర్తుంటాయి. అప్పటినుంచి నాకు యజమాని అంటూ లేడు.

ఒక మధ్యాహ్నం ఏడుకొండలు కళ్లు తెరిచాడు. చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు, నాలుక చాపమంటే చాపాడు. కొద్దికొద్దిగా నీళ్లు మింగాడు, తర్వాత మెత్తటి అన్నం మింగాడు. వార్డులో అందరూ నాంచారమ్మ అదృష్టవంతురాలన్నారు. ఇక మాట వస్తే చాలని ఆమె కనిపించిన దేవుడికల్లా మొక్కింది.

మాట వచ్చింది. ఆమె మంచం మీదకు వంగి "మావా" అంది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు, అయోమయంగా కాదు, మర్యాదగా చూశాడు. నాకు భయం వేసింది అందుకే.

"ఏ ఇల్లమ్మా మీది?" అన్నాడు.

"నేను మావా. నాంచారిని."

"నాంచారి బండి కాడ ఉంటది. బట్టలు ఆమెకిచ్చి పోండమ్మా." అని చూపు తిప్పాడు. ఆ చూపు కిటికీ దగ్గర నన్ను పట్టుకుంది. చెయ్యి చాపి నా అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "పానకాలరావుగారిది. రెండో అంతస్తు. నాలుగో గుండీ బిగుతు. ఈ మరకేంది, ఎవురు జేశారు ఇది?"

నన్ను గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్లు పక్కన నిలబడిన మనిషిని గుర్తుపట్టకుండా, నన్ను గుర్తుపట్టాడు. నేను ఊచకు వేలాడుతూ అలాగే ఉండిపోయాను. అది నాకు దక్కవలసిన గుర్తింపు కాదు. చేతనైతే ఆ క్షణాన్నే పీలికలైపోయి ఆమెకు దాన్ని ఇచ్చేసి ఉండేదాన్ని. నాంచారమ్మ ఏడవలేదు. చేతిలో గ్లాసు పట్టుకుని, అది ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది.

డాక్టరమ్మ మళ్లీ నెమ్మదిగానే చెప్పింది. ఇంత దెబ్బ తగిలినప్పుడు కొందరికి వస్తువులు గుర్తుంటాయట, మనుషులు మాత్రం ఆనవాలు చిక్కరట. ముఖం చూస్తాడు, గొంతు వింటాడు, రెండూ కలిపి ఫలానా మనిషి అని తేల్చుకోలేడట.

"తిరిగి వస్తదా అమ్మా?"

"రావచ్చు."

"రావచ్చా, వస్తదా?"

"రావచ్చు నాంచారమ్మా. అంతే చెప్పగలను."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి ఒక సంచి తెచ్చింది. అందులో ఇస్త్రీకి వచ్చి ఉండిపోయిన బట్టలున్నాయి. మంచం మీద ఒక్కొక్కటీ పెట్టింది. "ఇది ఎవరిదయ్యా?" అని అడిగింది. మావా అని పిలిస్తే అతను ఇబ్బంది పడుతున్నాడని అప్పటికే మానేసింది.

"లాయరుగారి ప్యాంటు."

"ఇది?"

"మేడ మీద టీచరమ్మ దుప్పటి."

అన్నిటికంటే అడుగున ఉన్న చీర తీసి పెట్టింది. మామిడాకు రంగు చీర, మెరూన్ అంచు. "ఇది?"

అతను చీరను దగ్గరకు లాక్కున్నాడు. రెండు చేతులా నిమిరాడు. కుచ్చిళ్ల దగ్గర వేలు ఆగింది.

"ఇది మా ఆవిడది. ఇక్కడ బొగ్గు రవ్వ పడి చిల్లుబడ్డది. ఇస్త్రీ చేస్తానంటే చెయ్యనీదు, బొగ్గు దండగంటది." అని నవ్వాడు. దెబ్బ తగిలాక అతను నవ్వడం అదే మొదలు.

నాంచారమ్మ గోడ వంక చూస్తూ అడిగింది. "ఆమె ఎట్టా ఉంటదయ్యా?"

అతను చీర అంచు వేలికి చుట్టుకున్నాడు. "ఎట్టా ఉంటదంటే ఏం జెప్పేది. పొద్దస్తమానం పక్కనే ఉంటది. ఎప్పుడు చూశాను గనక."

ఆమె ముఖం వెలిగింది. లోపల తను ఉంది. ఎక్కడో ఉంది, చీరతో సహా, చిల్లుతో సహా ఉంది. అది చాలనుకుంది పిచ్చితల్లి. నేనూ అదే అనుకున్నాను. చీర గుర్తుంది, కట్టుకుని నిలబడితే మనిషి గుర్తు రాకపోతుందా అని ఇద్దరమూ ఆశపడ్డాం.

మర్నాడు పొద్దున ఆమె తలంటుకుని, ఆ చీర కట్టుకుని, అన్నం గిన్నెతో వచ్చింది. బొట్టు పెద్దగా పెట్టుకుంది. పక్క మంచాలవాళ్లు కూడా మాటలాపి చూస్తున్నారు. సంగతి అందరికీ తెలుసు. ఏడుకొండలు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మంచం ముందు నిలబడింది. అతని చూపు అంచు మీద పడింది, కుచ్చిళ్ల మీదకు వచ్చింది, అక్కడి నుంచి మెల్లగా ముఖం దాకా వెళ్లింది. అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అందబోతున్నట్టే ఉంది.

"అమ్మా, తప్పుగా అనుకోమాకండి," అన్నాడు. "ఆ చీర మా ఆవిడది."

ఆమె అన్నం గిన్నె మంచం అంచున పెట్టింది.

"ఆమెకి మంచిది అదొక్కటే. నాకు ఒంట్లో బాగోక మూటలు ఆమే పంచతంది. ఆమెకి ఇళ్లు తెలవవు. పొరపాటున మీ ఇంటికి వచ్చుంటది. దాన్నేం అనమాకండమ్మా."

"అననులే," అంది నాంచారమ్మ.

"చీర ఇచ్చేస్తారుగా?"

"ఇచ్చేస్తాను."

"ఇన్నాళ్లయినా చూడ్డానికి రాలా. ఆమె అట్టాంటి మనిషి కాదు." అతను గుమ్మం వంక చూశాడు. "ఏమన్నా అయిందేమోనని భయంగా ఉంది."

నాంచారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ తీసేసింది.

"ఏం కాలా. బాగానే ఉంది. వస్తది," అంది. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది. అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి, అతని నోటి దగ్గర పెట్టింది.

"మీకెందుకమ్మా ఈ శ్రమ," అన్నాడు అతను, నోరు తెరుస్తూ.