ఆఖరి రంగంలో తెలుగు ముక్క

ముప్పయ్యేళ్ళుగా ఆవిడ పరాయి భాషలో నవ్వింది, ఏడ్చింది, చచ్చిపోయింది. సినిమాల్లో ఎక్కువగా చచ్చిపోవడమే. హీరోకి కన్నీళ్ళు తెప్పించాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడకి ఫోను చేసి, ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టేవాళ్ళు. నాటకంలో మాత్రం ఇన్నాళ్ళకి, అరవై రెండో ఏట, పెద్ద వేషం దొరికింది. రెండున్నర గంటలు రంగం దిగని, వలసొచ్చిన ఒక తల్లి వేషం.

పాఠం పట్టడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. ఆ భాష మాటల్ని తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, వంటింట్లో పచార్లు చేస్తూ వల్లె వేసేది. ఎదుటి పాత్రల మాటలు మొగుడు అందించేవాడు. ఈసారి ఎన్నిసార్లు తిరగేసినా మాటలు నిలవడం లేదు. ఆయన కనిపెట్టి, అందించే మాటలు ఇంకాస్త నెమ్మదిగా చదవసాగాడు. అవతల, అవసరమైతే ఈవిడకి బదులు ఎక్కడానికి, ఒక పొడుగమ్మాయి అదే వేషం నోటికి పట్టేసి సిద్ధంగా కూర్చుంది. ఈవిడ ఒక్కసారి తడబడితే చాలు.

శనివారం మధ్యాహ్నం ఆట. ఆఖరి రంగంలో, తల్లి కన్నుమూసే ముందు చెప్పాల్సిన మాటల దగ్గర, ఆవిడ బుర్ర ఖాళీ అయిపోయింది. కొడుకు వేషధారి చెయ్యి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నోట్లోంచి తెలుగు ఊడిపడింది.

"గుర్తు రావట్లేదు నాయనా. ఇంక నా వల్ల కాదు. నన్ను ఇంటికి తీసుకుపో."

హాలు హాలంతా బావురుమంది. వెనక వరసలో కూర్చున్న మొగుడికి తప్ప ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

తెర పడగానే దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. కాళ్ళకి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ.

"చచ్చిపోయేముందు తల్లి తన భాషలోకి వెళ్ళిపోవడం! నాకెందుకు తట్టలేదు? రోజూ ఇలాగే చెప్పాలి మీరు. ఇంతకీ ఏమన్నారు?"

"ఈ తల్లిని క్షమించు అన్నాను," అంది. అబద్ధమాడటం మాత్రం ఆవిడ మరిచిపోలేదు.

ఇంటికెళ్ళే బస్సులో మొగుడు ఆవిడ వైపు తిరిగాడు.

"నిజం చెప్పెయ్యవే."

"చెబితే రేపు ఆ పొడుగమ్మాయి ఎక్కుతుంది. ఈ ఒక్క వేషం కోసం ముప్పయ్యేళ్ళు మంచాల మీద చచ్చానండీ."

"మరి ఇంటికి తీసుకుపొమ్మన్నావేం?"

"ఏదో నోరు జారింది, వదిలెయ్యండి."

స్టాపు రాగానే ఆయన లేచి ఆవిడ చేతిసంచీ అందుకున్నాడు.

ఆదివారం ఆఖరి రంగం వచ్చేసరికి, విచిత్రం, అసలు మాటలన్నీ పొల్లుపోకుండా నాలుక చివర నిలబడ్డాయి. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. బుర్ర బాగానే ఉంది, ఇంకా పనికొస్తుంది. అయినా దర్శకుడు చెప్పాక తప్పదు కాబట్టి తెలుగులోనే మొదలుపెట్టింది. గుర్తు రావట్లేదనడం పచ్చి అబద్ధం. కావాలంటే గడగడా అప్పజెప్పగలదు. కానీ "ఇంక నా వల్ల కాదు" దగ్గరికి వచ్చేసరికి గొంతు తనంతట తానే వణికింది. ఎంత అలిసిపోయిందో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఒళ్ళూ మనసూ రెండూ అలిసిపోయాయి.

"నన్ను ఇంటికి తీసుకుపో," అంది, కొడుకు వేషధారి మీంచి వెనక వరసలో మొగుడి కుర్చీ వైపు చూస్తూ.

జనం ముక్కులు చీదుకుంటున్నారు. ఆ చీకట్లో ఒక మనిషి కుర్చీలోంచి లేచి, అందరి కాళ్ళూ దాటుకుంటూ, మెట్లు దిగి రంగం వైపు నడిచి వస్తున్నాడు.