చెయ్యి వణకని రోజులు

కర్టెన్లు ఉతికి ఆరేసి, మధ్యాహ్నానికల్లా మళ్ళీ తీసి ఉతికాను. మా అత్తగారు గౌరీదేవి వరండాలో కూర్చుని చూస్తూ, "ఏటోనమ్మా, ఇన్నాళ్ళకి మనిషిలా తిరుగుతున్నావు," అంది. కాపురానికి వచ్చాక ఆవిడ నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది.

అంతకు కొద్దిరోజుల ముందే నా మాత్రలు మాన్పించారు. ఛాయ పుట్టాక నాకు స్కిజోఫ్రీనియా అని డాక్టరు చెప్పాడు. మాత్రలు వేసుకున్నంతకాలం గోడల్లోంచి మాటలు వినపడవు. కానీ చేతులు వణుకుతాయి, ముఖం బిగుసుకుపోతుంది. ఆడపడుచు ఇందుమతిని చూసుకోవడానికి రాయపూర్ నుంచి పెళ్ళివారు వస్తున్నారు. పిచ్చిది ఉన్న ఇల్లని తెలిస్తే పిల్లని చేసుకోరని అత్తగారి భయం. మా ఆయన రామమోహనరావు స్టీల్ ప్లాంటులో ఇంజనీరు. ఫర్నేసులో చిన్న తేడా వస్తే తిండి మానేసి నిలబడే మనిషి నాతో మాత్రం, "కొన్నాళ్ళు ఆపితే ఏమవుతుంది హైమా?" అన్నాడు.

ఆపాను. చెయ్యి కుదురుకుంది. నిద్ర కరువైంది. నిద్రలేని దానికి పనే దిక్కు. ఇత్తడి సామానంతా తోమాను, అటకలు దులిపాను, ఎవరూ అడక్కుండానే జంతికలు వండాను. అందరూ మెచ్చుకున్నారు. జబ్బు తిరిగొచ్చి వాళ్ళకి చాకిరీ చేస్తోందని ఎవరికీ తట్టలేదు. తట్టినా ఆపేవారో లేదో. సంబంధం కుదిరింది.

పెళ్ళి బట్టలకని అత్తగారు, మా ఆయన, ఇందుమతి నాలుగు రోజులు విజయనగరం వెళ్ళినప్పుడు గోడలోంచి గొంతు మొదలైంది. పాలలో విషం ఉందంది. బియ్యంలోనూ ఉందంది. నమ్మాను. నాలుగేళ్ళ ఛాయ ఆకలని ఏడుస్తుంటే, దాన్ని బతికించుకుంటున్నాననుకుని దాని నోరు గట్టిగా మూసి పట్టుకున్నాను. పక్క క్వార్టర్ డైసీ తలుపు విరగ్గొట్టించి ఇద్దర్నీ ఆసుపత్రికి చేర్చింది.

ఇంటికొచ్చాక ఛాయ నా చేతి అన్నం తినలేదు. డైసీ పెడితే తింటుంది. నేను ముద్ద పట్టుకుని దగ్గరికెళ్తే, రెండు చేతులతో తనే నోరు మూసుకుంటుంది.

మళ్ళీ మాత్రలు, మళ్ళీ వణుకు. ముహూర్తం దగ్గరపడింది. మా ఆయన మాత్రలన్నీ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పెళ్ళయ్యేదాకా ఓర్చుకోమన్నాడు. నీ కోసం చెల్లెలి బతుకు పాడుచెయ్యలేనన్నాడు.

"పాప నా చేత్తో తినడం లేదండీ," అన్నాను.

"మా అమ్మ పెడుతుందిలే."

నా బిడ్డ నన్ను చూసి భయపడటం ఆ ఇంట్లో అంత తేలికగా సర్దుకుపోయే విషయం.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళగానే రిక్షా ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు మాత్రలు రాయబోతుంటే వద్దన్నాను. నెలకొకసారి ఇచ్చే ఇంజక్షన్ ఉందని వార్డులో విన్నాను, అది కావాలన్నాను. వణుకు ఇంకా పెరగొచ్చని ఆయన హెచ్చరించాడు. మీవారిని తీసుకొచ్చి నిదానంగా ఆలోచించుకోమన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఈరోజే ఇవ్వండి డాక్టరుగారూ. ఒంట్లోకి ఎక్కినదాన్ని ఎవరూ తీసి బీరువాలో పెట్టుకోలేరు."