అచ్చులో వదిలిన పోగులు

ఆపేస్తున్నానని చెప్పడానికి ఒక్క వాక్యం చాలునని ఉమేష్ అనుకున్నాడు. ఆదోనిలో పత్తి మండీ మూసే వేళ దాన్ని ఫోనులో రాసుకున్నాడు. ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మళ్లీ చదువుకున్నాడు. "ఈ విడుదలతో నా పని ముగిసింది, ఇకమీదట ప్యాకేజీలు తయారు చేయలేను." దానికి ముందొక నమస్కారం, తర్వాతొక నమస్కారం. ఇక పంపడమే మిగిలింది.

పగలంతా అతడు గురురాజ సేటు మండీలో కంప్యూటరు ముందు కూర్చుని బస్తాల తూకాలు ఎక్కిస్తాడు. తన పని అని అతడు మనసులో అనుకునేది మాత్రం ఆదివారాల్లో సాగేది. చేనేత డిజైన్లు గీసే ఒక ప్రోగ్రాం ఉంది. తెర మీద గళ్లు నింపితే అంచూ కొంగూ ఎలా వస్తాయో చూపిస్తుంది. మగ్గానికి తగిలించే జాకార్డు అట్టల మీద ఎక్కడెక్కడ రంధ్రం పడాలో తీసి ఇస్తుంది. ఫిన్లాండులో ఉండే ఒక పెద్దాయన దాన్ని రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని లోకానికి వదిలేశాడు. అయితే పెద్దాయన ఇచ్చేది మూలం, అంటే తాను రాసిన కోడు, మాత్రమే. మూలాన్ని చేతిలో పెడితే నేతగాడు చేసుకునేదేమీ లేదు. దాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చి, కావలసిన సరంజామా అంతా జతచేసి, నొక్కితే తెరుచుకునే మూటగా కట్టాలి. విండోస్‌కు ఒక మూట, మాక్‌కు ఒక మూట, లినక్స్‌లో శాఖకొక మూట. ఒకే చేలో పండిన పత్తిని ఒక మిల్లు బోరాల్లో అడిగితే, ఇంకొకటి బేళ్లుగా నొక్కించి అడిగినట్టు. పత్తి మారదు. కట్టేవాడి నడుమే వంగుతుంది.

ఆ మూటలు కట్టేది ఉమేష్. ఏళ్ల తరబడి అతడొక్కడే.

మొదట్లో, ఒక కొత్త వ్యవస్థ మీద ప్రోగ్రాం తొలిసారి తెరుచుకున్నప్పుడు, ఎవరూ లేని గదిలో తనలో తాను నవ్వుకునేవాడు. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో అతడు గమనించలేదు. కంపెనీలు తమ వ్యవస్థలను మారుస్తూనే ఉంటాయి. నిన్న సరిపోయిన మూట ఇవాళ సరిపోదు. మారింది వాళ్లే అయినా, తప్పు మాత్రం మూట కట్టినవాడిదవుతుంది. 'పనిచేయడం లేదు' అన్న మాట ఎన్ని దేశాల నుంచి వచ్చిందో. పనిచేస్తున్నదని ఎవరూ రాయరు. ఊపిరి ఆడుతున్నదని ఎవరు ఎవరికి చెబుతారులే అని సమాధానపడేవాడు. ఈ మధ్య ఆ సమాధానం కూడా అలిసిపోయింది.

ఈసారి పాత విండోస్ కోసం కట్టిన కొత్త మూటను అతడు తెరిచి చూడకుండానే వెబ్‌సైటులో పెట్టాడు. పరీక్షించడానికని ఇంట్లో ఉంచుకున్న పాత కంప్యూటరు ఫ్యాను తిరగడం మానేసింది. దాన్ని బాగుచేయించే ఓపిక లేకపోయింది. ఇంకా ఆ పాత విండోస్ వాడేవాళ్లు ఎవరుంటారులే అనుకున్నాడు.

ఉన్నారు. బస్సు సగం దారిలో ఉండగా ఫోను మోగింది. ప్రోగ్రాం ఫిర్యాదుల పేజీలో ఇంగ్లీషు అక్షరాలతో ఎవరో తెలుగు రాశారు: "ఎవురప్పా ఈ కొత్తది పెట్టినోడు? ఏస్కోమంటే ఏస్కుంటి. తెరుసుకోనే తెరుసుకోలే. సగం అట్టలు కొట్టినాక నిల్సిపోయింది. మగ్గం మీద మనిసి ఊరకే కూర్సోనుండాడు. బాగు సేస్తే పుణ్యముంటాది. లేదంటే మీ ఇంటికొచ్చి తన్నేది."

దాని కింద పెద్దాయన అప్పటికే మర్యాదగా జవాబిచ్చాడు: "ఇది ఏ భాషో నాకు తెలియదు. అయితే ఈయన కోపంగా ఉన్నారనిపిస్తోంది. ఎవరికైనా అర్థమైందా?"

"నాకు అర్థమైంది," అని ఉమేష్ రాశాడు.

ఫిర్యాదుతోపాటు ఆ మనిషి తన కంప్యూటరు తెరను ఫొటో తీసి పెట్టాడు. ఫొటోలో ఒక మూల ఫోల్డరు పేరు కనబడుతోంది: మంజునాథ్ అట్టలు, ఎమ్మిగనూరు. అట్టలు కొట్టే ఆ దుకాణం బోర్డు సోమప్ప సర్కిల్ అవతల సందులో ఉంటుంది. ఉమేష్ దాని ముందునుంచి రోజూ బస్టాండుకు నడుస్తాడు.

మరునాడు ఆదివారం. తన్నులు తినడానికి పోతున్నానని భార్యతో చెప్పి, పనిచేసిన పాత మూటను పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లాడు. మంజునాథ్ ఉమేష్ కంటే చిన్నవాడు. అట్టల కట్టల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమన్నా, అట్టలు కొట్టించుకోవల్లనా? కంప్యూటరు పడుకోనుంది. రెండు దినాలు తాళు."

"కంప్యూటరే సూపిచ్చు."

"నువ్వు మెకానిక్కువా? నేను ఎవుర్నీ పిలవలేదే."

"పిలిసినావు. నిన్న ఇంటికొచ్చి తంతానంటివి గదా. నీకెందుకు శ్రమ అని నేనే వస్తి."

మంజునాథ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "అది నువ్వా? యాడో తెల్లోళ్లు సేస్తాండారనుకుంటినే! మన ఊరోడని తెలిసింటే మర్యాదగా తిట్టుందును."

"ఇప్పుడు తిట్టు."

"ఎదురుగా ఉంటే నోరు రాదన్నా."

ఉమేష్ కొత్తదాన్ని తీసేసి పాతదాన్ని ఎక్కించాడు. ప్రోగ్రాం తెరుచుకుంది, ఆగిపోయిన అంచు డిజైను, అందులోని హంసలు తెరమీదికి వచ్చాయి. మంజునాథ్ వెంటనే మగ్గం అతనికి ఫోను చేసి, సాయంత్రానికి అట్టలు ఇస్తానన్నాడు.

"ఇంగ కొత్తది ఏస్కోమని అడిగితే వద్దను," అన్నాడు ఉమేష్. "నీ కంప్యూటరుకు ఇదే ఆఖరు."

"మల్లా ఎప్పుడు సరి సేస్తావు?"

"సేయను. మొత్తానికే మానేస్తాండా."

"మంచిది. అలుపొచ్చింటాది. ఇంగెవురు సేస్తారు?"

"తెలీదు."

"ఎట్ల సేసేదో ఎవురికన్నా సెప్పినావా?"

"లేదు."

మంజునాథ్ నవ్వాడు. "అట్లయితే నువ్వు మానేస్తాండ్లేదన్నా. ఇంటికి బీగమేసి, బీగంచెయ్యి జోబులో ఏసుకొని పోతాండావు."

ఉమేష్ పెన్‌డ్రైవు తీసి జేబులో వేసుకున్నాడు. టీ తెప్పిస్తానన్నా ఆగకుండా బయటికి వచ్చేశాడు.

ఎండ అప్పుడే సందులోకి దిగుతోంది. చెప్పడానికి తీరిక ఎక్కడిది అని దారిలో తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజం. కాని ఆ నిజం వెనుక ఇంకొకటి ఉందని అడుగుల మధ్య తెలిసిపోతోంది. కూలి అడగలేదు, పేరు అడగలేదు. కనుక తనకు ఏ కోరికా లేదని ఇన్నాళ్లూ నమ్మాడు. తాను లేకపోతే ఆగిపోతుందన్న ఎరుక మాత్రం చలికాలపు కుంపటిలా అతడి లోపల ఉండేది. ఎవరికీ చూపకుండా దాని దగ్గర చేతులు కాచుకునేవాడు. ఫోనులో సిద్ధంగా ఉన్న ఆ ఒక్క వాక్యం కూడా అక్కడిదే. అంత పొట్టిగా రాయడం వినయమనుకున్నాడు. అది వినయం కాదు. తాను వెళ్లిపోయాక వెనుక ఏదో కూలిన చప్పుడు వినబడాలన్న ఆశ. అలిసిపోయినవాడికి కూడా అంత ఆశ ఉంటుందా? ఉంటుంది కాబోలు. అలసట మనిషిని శుభ్రం చేయదు.

అతడి భార్య భాగ్య ఆ వేళ నేతగాడు వెంకటేశులు ఇంట్లో పనిలో ఉంది. మగ్గాల ఇళ్లు తిరిగి అచ్చు అతకడం ఆమె వృత్తి. పాత పడుగు అయిపోయినప్పుడు దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతుంది. ఇవాళ అక్కడ అతకడానికేమీ లేదని ఉమేష్‌కు తెలుసు. వెంకటేశులు నేత మానేస్తున్నాడు. బెంగళూరులో వాచ్‌మన్ పని దొరికింది, రేపు బయలుదేరుతాడు.

ఉమేష్ నేరుగా అక్కడికి వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు. మగ్గం మీద చివరి చీరను కోసేశారు. పడుగును వరుసగా పట్టి ఉంచే దువ్వెనలాంటి అచ్చు ముందర జానెడు పోగులు వేలాడుతున్నాయి. భాగ్య వేళ్లకు బూడిద రాసుకుని, వాటిని చిటికెడు చిటికెడుగా తీసి ముడులు వేస్తోంది.

"ఇంగ నేసేదే లేదంటే ముడులేమిటికి?" అన్నాడు.

"వెంకటేశులన్న నేయడు. మగ్గం నేయదని యాడుంది?"

"ఎవురన్నా అడిగినారా?"

లోపల సంచి సర్దుకుంటున్న వెంకటేశులు జవాబిచ్చాడు. "అడిగినారప్పా, పొయ్యిలోకి. ఇయ్యలే."

"ముడెయ్యకపోతే పోగులన్నీ అచ్చులోనించి జారిపోతాయి," అంది భాగ్య తలెత్తకుండా. "మల్లా ఒక్కొక్కటీ ఎక్కియ్యల్లంటే ఇద్దరు మనుసులు, ఎన్ని దినాలో. ఈ జానెడు ఉంటే, వచ్చినోడు వాని పడుగు వాడు తెచ్చుకుంటాడు. నా అట్లాంటిది ఒకతి అతికిస్తాది. కూర్సోని నేసుకుంటాడు."

"ఎవురూ రాకపోతే?"

"రాకపోతే రాకపోనీ. ముడేసినందుకు నా సెయ్యేమన్నా అరిగిపోతాదా?" అని తన వేలికొసలు తానే చూసుకుని నవ్వింది. "అరిగిపోయేదేముందిలే, ఎప్పుడో అరిగిపాయ. ఏంది అట్ల నిలబడినావు? మంజు తన్నినాడా ఏమి?"

"తన్నినాడు."

"మంచి పని సేసినాడు. కూర్సో, ఇంకొంచెముంది."

వెంకటేశులు బయటికి వచ్చి చూశాడు. అతడి ముఖంలో బాధ కోసం ఉమేష్ వెతికాడు. కనబడింది అలసట ఒక్కటే. వేలాడుతున్న ఒక పాయను చూపించి, "అది వదిలేసినావమ్మా," అన్నాడు. అంతే, మళ్లీ లోపలికి పోయి సంచి మూతి కట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఉమేష్ ఫోనులోని వాక్యాన్ని చెరిపేశాడు. ఆ మధ్యాహ్నమే కంప్యూటరు ముందు కూర్చుని, మూటలు కట్టే పద్ధతి మొదటినుంచి రాయడం మొదలుపెట్టాడు. ఏది ముందు, ఏది వెనుక, ఏ వ్యవస్థ ఎక్కడ మొరాయిస్తుంది, అప్పుడు ఏం చేయాలి. వరుసగా ఎన్నో ఆదివారాలు అదే పని.

"మానేస్తానంటివి, ముందుకంటే ఎక్కువ కూర్సుంటాండావు," అంది భాగ్య.

"మానేసేదానికే కూర్సుంటాండా."

"మీ సాఫ్టువేరోళ్ల మానడం మాకు తెలీదులేప్పా."

రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. చేతికి తెలిసినదంతా తనకు తెలుసునని అతడు భ్రమపడ్డాడు. మాక్ మూట కట్టే ఆదేశాల్లో ఒక వరుస ఉంది. ఎప్పుడు పెట్టాడో, ఎందుకు పెట్టాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కారణం కల్పించి రాయాలనిపించింది. చివరికి ఉన్నదే రాశాడు: "ఇది ఎందుకో నాకు తెలియదు. తీసేస్తే తెరుచుకోదు." పాత విండోస్ గురించి, ఇక కుదరదని, పనిచేసిన చివరి మూట ఫలానా చోట ఉందని రాశాడు. అది విని మంజునాథ్, "అయితే ఈ కంప్యూటరు సచ్చేదాకా నేనూ ఈడనే ఉంటానన్నా," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఉంది. ఉమేష్ దాన్ని తీసివేయడానికి ప్రయత్నించలేదు.

రాసినది ప్రోగ్రాం వెబ్‌సైటులో ఒక పేజీగా పెట్టి, తాళాల్లాంటి పాస్‌వర్డులన్నీ పెద్దాయనకు అప్పగించాడు. రెండు రోజుల తర్వాత పెద్దాయన నుంచి జవాబు వచ్చింది. "ఇంత పని ఉంటుందని నాకు ఎప్పుడూ తెలియలేదు." మండీలో తూకాల మధ్య ఉమేష్ ఆ మాట చదివాడు. సంతోషం రావలసిన చోట ఒక్క క్షణం కోపం వచ్చి, నిలవకుండా పోయింది. తాను మాత్రం ఎప్పుడు చెప్పాడు గనుక?

వేసవిలో కొత్త విడుదల వచ్చింది. ఉమేష్ ఏమీ కట్టలేదు. పేజీలో మూటలుండే చోట ఖాళీ గళ్లు కనబడుతున్నాయి. ఎక్కడెక్కడివాళ్లో ఎప్పుడొస్తాయని అడుగుతున్నారు. రోజూ చూసేవాడు, చూడకుండా ఉండటం ఇంకా చేతకాలేదు. ఏదో కూలిన చప్పుడు వినాలనుకున్నవాడికి ఏ చప్పుడూ వినబడలేదు. జనం ఓపిగ్గా పాతదే వాడుకున్నారు.

ఒక ఆదివారం ఉదయం లినక్స్ గడిలో ఒక మూట కనబడింది. కట్టినవారి పేరు అతడికి తెలియదు. ఆడో మగో కూడా ఆ పేరును బట్టి తేలలేదు. దించుకుని తెరిచాడు. తెరుచుకుంది. మెనూలో తెలుగు ఎంచుకుంటే మాత్రం అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంటును జతచేయడం మరిచారు. ఉమేష్ తాను రాసిన పేజీ వెతికాడు. అందులోనే ఆ మాట లేదు. అది అతడు ఎన్నడూ మరవని పని; అందుకే రాయాలని తోచలేదు.

చేయి దానంతటది కీబోర్డు మీదికి పోయింది. విప్పి, ఫాంటు చేర్చి, మళ్లీ కట్టి పెట్టడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. పెడితే, వచ్చేసారి కూడా తానే పెట్టాలి. లోపల కుంపటి ఇంకా పూర్తిగా ఆరలేదని అతడికి తెలిసింది.

చేయి వెనక్కి తీసుకున్నాడు. పేజీ తెరిచి, లోపించిన ఆ ఒక్క వరుస అందులో చేర్చాడు. కట్టినవారికి రెండు మాటలు రాశాడు: తెలుగు అక్షరాలు రావడం లేదు, పేజీలో తప్పు నాది, సరిచేశాను.

"అయిపాయనా?" అంది భాగ్య వాకిట్లోంచి.

"లేదు. వాళ్లు సూసుకోవల్ల."

తెర మీద డబ్బాలు అలాగే ఉన్నాయి. వాటిని అలా వదిలి కుర్చీలోంచి లేవడం కష్టంగానే ఉంది. లేచాడు.