పులివెందుల దాకా డీజిలు

తిరుపాల్ బాడుగ కారు ఇంకా పులివెందులకు పోతూనే ఉందని మస్తానమ్మ అన్నదట. ఆమె కళ్లారా చూసి అన్న మాట కాదు. ఆమె చెల్లెలి కొడుకు డీజిలు బంకులో పనిచేస్తాడు, వాడు చెప్పాడట. "బాడుగలేమో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. కొట్టించే డీజిలేమో పులివెందులకు పోయొచ్చేంత. పెండ్లాం పోయి ఏడాది గూడా తిరగల్యా, ఆడ ఎవతిని పెట్టుకున్యాడో!" అని పొద్దున కొళాయి దగ్గర అన్న మాట సాయంత్రానికి ప్రసూన చెవిన పడింది.

ప్రసూన తిరుపాల్ కూతురు. ఇంట్లోనే మిషను కుడుతుంది. ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కుడుతున్న జాకెట్టు చెయ్యి పూర్తిచేసి, దారం కొరికి, లేచి ఎసరు పెట్టింది. అమ్మ పోయినప్పటి నుంచి ఏ మాటైనా అట్లాగే తగిలి అట్లాగే జారిపోతోంది. కాని ఇది తేల్చుకోవాలి. నిజమే అయితే ఆ ఇంట్లో తను ఉండదు.

కారు మీటరు ఎప్పుడో చచ్చింది. ఎంత దూరం తిరిగిందో కారుకు కూడా తెలియదు.

"నాయనా, కారు డీజిలు శానా తాగుతాందంట గదా?"

"పాతది గదమ్మా."

"అద్నాన్‌కు సూపిద్దాం పా. నేనూ వస్తా."

ప్రొద్దుటూరులో మెకానిక్ అద్నాన్ షెడ్డు. ఫిల్టర్లు మార్చడం, ఇంజెక్టర్లు కడిగించడం అంతకుముందే అయిపోయింది. "ఇంగ ఒగటే మిగిలింది మామా" అని అతను పక్క బంకులో ట్యాంకు మూతి దాకా కొట్టించి, తనే జమ్మలమడుగు దాకా తోలుకొని పోయి వచ్చాడు. మళ్లీ మూతి దాకా కొట్టించి, ఎంత పట్టిందో చూశాడు. "బంగారట్ల ఉండాది బండి. ఇప్పుడు నువ్వు పోయి రా."

ప్రసూన తండ్రి పక్కన కూర్చుంది. ఊరు దాటినా, రోడ్డు ఖాళీగా ఉన్నా బండి మూడో గేరు దాటలేదు. ఆయన ఎడమ కాలు క్లచ్చు మీద నుంచి దిగలేదు. గుంత వస్తే చాలు, క్లచ్చు సగం తొక్కిపట్టి, దోసిట్లో నీళ్లు మోసుకుపోతున్నట్టు దాటిస్తున్నాడు. మాడు వాసన. వెనక లారీలు హారను మోగించి దాటిపోతున్నాయి. జీవాల మంద అడ్డొచ్చింది. చివరి గొర్రె దాటే దాకా ఇంజను ఆపలేదు.

"ఆపొచ్చు గదా నాయనా?"

"ఏసీ పోతాదమ్మా."

ఆమె తలెత్తింది. నడిమి అద్దంలో వెనక రోడ్డు లేదు. అద్దం కిందికి వంచి ఉంది. అందులో వెనక సీటు ఉంది, అంతే.

అమ్మ నాగవేణిని పులివెందుల ఆస్పత్రికి డయాలసిస్‌కు తీసుకుపోయింది ఈ కారులోనే. వచ్చేటప్పుడు ఆ సీట్లో పడుకునేది. బండి ఎగిరితే మూలిగేది. మూలిగినప్పుడల్లా ఆయన అద్దంలోకి చూసేవాడు. ఇప్పుడూ చూస్తున్నాడు.

ప్రసూన కిటికీ వైపు తిరిగింది. జమ్మలమడుగు వచ్చింది, పోయింది. అక్కడ బండి తిప్పుకొని వెనక్కి వచ్చారు.

బంకులో పైపు ట్యాంకులో పెట్టించిన అద్నాన్ అంకెలు తిరగడం చూసి నోరు తెరిచాడు. "ట్యాంకుకు బొక్క పడిందా ఏంది మామా! యాడికి పోయొచ్చినారు, పులివెందులకా?"

"జమ్మలమడుగుకే. పక్కన్నే ఉంటి గదా" అంది ప్రసూన.

అద్నాన్ తలుపు తీసి, వంగి వాసన చూశాడు. "హాఫ్ క్లచ్చులో తోల్తాండావు. కొత్తగా నేర్సుకునేటోడు గూడా ఇట్ల తోలడు. యాన్నించి వచ్చింది నీకీ అలవాటు?"

తిరుపాల్ తాళంచెవిని చొక్కాకు తుడిచాడు. "ఎనకాల మనిషి పండుకోనుంటే అట్లనే తోలాల అబ్బీ. కుదుపు తగలగూడదు."

"ఎనకాల ఎవురూ లేరు గదా మామా."